బీదర్‌కు పోయిన నా దస్తీ

బీదర్ కోటలోని రంగీన్ మహల్ చూడటానికి బస్సు అడిగి సంపాదించింది నేను. రోజు ఖరారు చేసింది నేను. ముందుగా ఒక్కణ్ణే పోయి, మహల్ తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో కనుక్కొని, ఆయన దగ్గర మాట తీసుకొని వచ్చింది నేను. ఆ బస్సు నన్ను సంగారెడ్డి చౌరస్తాలో వదిలేసి పోయింది. నా భార్య ఆ బస్సులోనే ఉంది. నా దస్తీ, అంటే చేతిరుమాలు, అది కూడా ఆ బస్సులోనే ఉంది. నేనొక్కణ్ణే లేను. ఇది అన్యాయం. ఇన్నేండ్లలో దీనికి వేరే పేరు పెట్టలేదు, పెట్టను.

సంగతి మొదటినుంచి చెబుతాను. తొంభైల మొదట్లో నేను పటాన్‌చెరు పారిశ్రామికవాడలో, ఇనుము కరగబోసి పోతలు పోసే ఒక కంపెనీలో స్టోరు చూసేవాణ్ణి. బడి చదువు నాకు చిన్నప్పుడే ఆగిపోయింది. మిగతాదంతా నేనే చదువుకున్నాను. కిరాణా పొట్లాల కాగితాలతో మొదలుపెట్టి సంగారెడ్డి గ్రంథాలయం దాకా పోయాను. పొట్లం కాగితం మీద కథ సగమే ఉంటే, మిగతా సగం దొరుకుతుందేమోనని మళ్ళీ అదే దుకాణంలో శనగపప్పు కొన్నవాణ్ణి. ఇంట్లో అవసరం లేకున్నా కొన్నాను. అందుకని ఎవరైనా ఏదైనా చూడబోతున్నామంటే, దాని ముందు వెనకలు చెప్పే బాధ్యత నా మీద ఉంటుందని నేను అనుకునేవాణ్ణి. ఇప్పటికీ అనుకుంటాను.

రంగీన్ మహల్ కోరిక మాత్రం నాది కాదు, మా ఇంటామెది. ఆమె పుట్టిల్లు ఝరాసంగం వైపు ఒక పల్లె. వాళ్ళ నాయనమ్మ వయసులో ఉన్నప్పుడు ఎడ్లబండి మీద బీదర్ అంగడికి పోయి, ఎవరి పుణ్యానో ఆ మహల్ లోపలికి తొంగి చూసి వచ్చిందట. నల్లరాతి గోడలో ముత్యపుచిప్ప తునకలు పొదిగి ఉంటాయని, వెలుతురు తగిలితే అవి ఒకటొకటే కండ్లు తెరిచినట్టు మెరుస్తాయని, మనవరాలికి చెప్పి చెప్పి ఆ ముసలామె పోయింది. మనవరాలు నన్ను పెండ్లి చేసుకున్నప్పటినుంచి అడిగేది ఆ ఒక్కటే. నేను ప్రతి ఏడూ వచ్చే ఏడు అనేవాణ్ణి. ఆ ఏడు మాత్రం అన్నం వడ్డిస్తూ ఒక మాట అన్నది.

"గీసారి గూడ కాకపోతే ఇగ నేనడుగ. నువ్వు తీస్కపోత అన్నా రాను."

ఆమె ఎప్పుడూ గొంతు పెంచదు. పెంచితే నాకు కొంచెం ధైర్యంగా ఉండేది. అప్పుడే నిశ్చయించుకున్నాను, ఈసారి మహల్ చూపించి తీరాలని. ఒక్క ఆమెకే ఎందుకు, మా షిఫ్టు వాళ్ళ ఇండ్లన్నిటికీ చూపించాలని.

మా వాడకు వారం సెలవు బుధవారం. కరెంటు అందరికీ ఒక్కసారి సరిపోదని ఒక్కొక్క పారిశ్రామికవాడకు ఒక్కొక్క రోజు సెలవు పంచి ఇచ్చిన కాలం అది. లోకమంతా ఆదివారం తలంటుకుంటే మేము బుధవారం తలంటుకునేవాళ్ళం. అందుకని పోయేది బుధవారమే అన్నదాంట్లో గొడవ లేదు. ఎట్లా పోవాలన్నదాంట్లో క్యాంటీను రెండుగా చీలింది.

గోదావరి జిల్లానుంచి వచ్చి స్థిరపడిన ఫిట్టర్ ఒకాయన మా పక్కింట్లోనే ఉండేవాడు. ఆయన రైలు పక్షం.

"రైలైతే హాయండీ గురువుగారూ. లింగంపల్లిలో ఎక్కుతాం, పులిహోర డబ్బా మూత తీస్తాం. డబ్బా ఖాళీ అయ్యేసరికి బీదర్."

కంపెనీ షిఫ్టు బస్సు నడిపే డ్రైవరు భానూర్ మనిషి. వరుసకు ఏమీ కాకున్నా నన్ను కాకా అని పిలిచేవాడు. ఆయన డీసీఎం పక్షం, అంటే సరుకులు మోసే చిన్న లారీ.

"పులిహోర అయిపోతది గని బీదర్ రాదు. డీసీఎం మాట్లాడు కాకా. కింద గడ్డి, మీద తాటిపత్రి. మా ఊర్ల పెండ్లిండ్లన్ని గట్లనే నడుస్తయి."

"గడ్డి మీద ఆడవాళ్ళు కూర్చుంటారటండీ?"

"ఎందుకు కూసోరు? మీ తాన ఆడోళ్ళు గాలిల కూసుంటరా ఏంది?"

"అది కాదండీ, చీరలకు గడ్డి అంటుకుంటుందని."

"దులుపుకుంటే పోతది. రైల్ల బొగ్గుమసి దులిపితే పోతదా?"

"బొగ్గు రైళ్ళు ఎప్పుడు పోయాయో మీకు తెలీదా?"

"నేను రైలెక్కితే గద తెలిసేది. నాకు బస్సున్నది."

వీళ్ళిద్దరినీ వదిలేసి నేను లింగంపల్లి స్టేషనుకు పోయి బండ్ల వేళలు కనుక్కున్నాను. ఆ వేళల ప్రకారం పొద్దున పోయి అదే రోజు మహల్ చూసి రావడం కుదరదు. ఆర్టీసీ బస్సులో పోదామంటే జహీరాబాద్‌లో దిగి మారాలి. పిల్లాజెల్లాతో అంతమందికీ ఒక్క బస్సులో చోటు దొరకదు. డీసీఎం గురించి మా ఇంటామెను అడిగితే, "బీదర్ దాక నిలవడి పొమ్మన్నా పోత" అన్నది. కానీ ఫిట్టర్ ఇంటావిడ గడ్డి మాట వినగానే తల అడ్డంగా ఊపింది. ఇక మిగిలింది మా షిఫ్టు బస్సే.

మేనేజరు గదికి పోయి అడిగాను. ఆయన ఒక్కటే షరతు పెట్టాడు. "సెలవు సాయంత్రం దాకే. రాత్రి షిఫ్టుకు బొల్లారం పాయింటులో మనవాళ్ళు నిలబడి ఉంటారు. అప్పటికి బస్సు అక్కడ ఉండాలి. మీరు మహల్ చూశారా, గుమ్మం చూసి వచ్చారా, నాకు అక్కర్లేదు." ఒప్పుకున్నాను.

ఇక టికెట్ల సంగతి. మహల్‌కు టికెట్ ఉందా, పిల్లలకు సగమా, ముందుగా తీసుకోవాలా, ఎవరిని అడిగినా ఒక్కొక్కరు ఒక్కొక్క మాట చెప్పారు. ఊహలమీద నడిచే మనిషిని కాదు నేను. సెలవు పెట్టి ఒక్కణ్ణే బీదర్ పోయాను. బస్టాండునుంచి కోట దాకా నడిచి, కనబడ్డ ప్రతి మనిషినీ అడుగుతూ పోతే, చివరకు ఒక చెట్టు నీడన కూర్చొని తమలపాకు నములుతున్న ముసలాయన దొరికాడు. నడుముకు తాళంచెవుల గుత్తి. ఆయనది సగం ఉర్దూ, సగం తెలుగు.

"తికిట్ గికిట్ లేదు. తాళం ఉంది, నేనున్న. తియ్యాల్నా ఇప్పుడు?"

"వద్దు" అన్నాను.

"ఇంత దూరం వచ్చినవ్ గదా."

"బుధవారం అందరితో వస్తాను. అందరితోనే చూస్తాను."

"అరె, బుధవారం మళ్ళ చూడు. రెండుపార్లు చూస్తే మహల్ అరుగుతదా?"

నేను తలుపు ముందే నిలబడి ఉన్నాను. చెయ్యి చాపితే గడియ తగులుతుంది. తలుపు సందులోంచి లోపల ఏదో నల్లగా కనబడబోయింది. ముఖం పక్కకు తిప్పుకున్నాను. పదిమందిని పిలిచి వడ్డించేవాడు ముందుగా తాను విస్తరి నాకడు. ఆ ముసలాయన నన్ను కిందికి మీదికి చూసి, నోట్లోది ఉమ్మేసి, రెండు సంగతులు చెప్పాడు. మధ్యాహ్నం అయితే తాళం వేసి ఇంటికి పోతాడు, ఆ తర్వాత మహల్ కట్టించిన పాదుషా లేచి వచ్చినా తియ్యడు. ఇంకొకటి, లోపలి గదులు చీకటి, బ్యాటరీ లైటు తెచ్చుకోవాలి.

ఇంటికి వచ్చి మా ఇంటామెకు చెప్పాను. ఆమె ఒకటే అడిగింది.

"తలుపు కాడిదాక పొయ్యి సూడకుంట వచ్చినవా?"

"నీతో కలిసి చూద్దామని."

ఆమె నావైపు చాలాసేపు చూసింది. ఆ చూపు మెచ్చుకోలే అని అప్పుడు అనుకున్నాను. ఆ వారమంతా పనినుంచి రాగానే ఆమెకు మహల్ చరిత్ర చెప్పాను. ఏ సుల్తాను కట్టించాడు, ఏ సుల్తాను మరమ్మతు చేయించాడు, పెంకుల మీద రంగు ఎట్లా నిలిచింది, అన్నీ. ఆమె బియ్యంలో రాళ్ళేరుతూ ఊ కొట్టింది.

ఇప్పుడు దస్తీ రూలు. అంతకు ముందు ఏడు మా షిఫ్టు వాళ్ళం యాదగిరిగుట్టకు పోయినప్పుడు, బయల్దేరే ముందు తలలు లెక్కపెట్టే పని పెట్టుకున్నాం. లెక్కపెట్టిన ప్రతిసారీ వేరే అంకె వచ్చింది. ఒకరు నీళ్ళకు దిగుతారు, ఒకరు కిటికీ సీటు కోసం లేస్తారు, పిల్లలు ఈ ఒడిలోంచి ఆ ఒడిలోకి పోతారు. సీట్ల కోసం కొట్లాట వేరే. ఎండ నెత్తిమీదికి వచ్చేదాకా బస్సు కదలలేదు. ఆ గతి మళ్ళీ పడితే మహల్ తలుపు మా ముందే మూసుకుంటుంది. అందుకని క్యాంటీనులో నిలబడి అందరికీ వినబడేటట్టు చెప్పాను. ఎవరి సీటుమీద వాళ్ళు దస్తీ వేసుకోవాలి. దస్తీ ఉన్న సీటులో ఇంకొకరు కూర్చోవద్దు. దస్తీ ఉంటే ఆ మనిషి ఉన్నట్టే లెక్క.

బస్సు సీటుకు దస్తీ వేయడం నేను కనిపెట్టిన సంగతి కాదు. మా వైపు ఆగీ ఆగని ఆర్టీసీ బస్సు కిటికీలోంచి దస్తీ విసిరితే, ఆ సీటు వాడిదే. పహిల్వాను వచ్చినా ఆ దస్తీని ముట్టడు. నేను చేసిందల్లా ఆ మర్యాదను మా బస్సుకు తెచ్చుకోవడం. అయితే నేను చెప్పింది కూర్చోవడం గురించి. బయల్దేరడం గురించి కాదు. ఈ తేడా చదువు రానివాడికి కూడా తెలుస్తుంది. తెలియాలి.

బుధవారం వచ్చింది. చీకటి ఉండగానే పటాన్‌చెరు పాయింటులో బస్సెక్కాం. ఆడవాళ్ళు వెనక, మగవాళ్ళు ముందు. నేను డ్రైవరు వెనక సీటు. నా దస్తీ తెల్లది, అంచుకు నీలం గీత. దాన్ని సీటు పైకడ్డీకి గట్టిగా ముడి వేశాను, గాలికి ఎగిరిపోతే ఎవడైనా కూర్చుంటాడని. మా ఇంటామె చివరి వరుసలో కిటికీ పక్కన కూర్చుంది. కొత్త చీర కట్టుకొని, టిఫిన్ డబ్బా ఒడిలో పెట్టుకొని, అప్పుడే బీదర్ కనబడుతుందేమో అన్నట్టు బయటికి చూస్తోంది.

సంగారెడ్డి చౌరస్తాలో బస్సు ఆగింది. అక్కడ మావాళ్ళు ఇంకా కొన్ని ఇండ్లవాళ్ళు ఎక్కాలి. ఆ సందులో బ్యాటరీ లైటు ఒకసారి వెలిగించి చూశాను. గోరంత వెలుతురు. ఇంత చదివి, ఇంత కష్టపడి, చీకటి గదిలో అందరినీ నిలబెట్టి ఆ ముత్యపుచిప్పలు చూపలేకపోతే ఏం లాభం? డ్రైవరు భుజం తట్టి, "సెల్లులు తెస్తున్న" అన్నాను. ఆయన తల ఊపాడు. ఊపాడు. ఆ మాట మీద నేను ఈరోజు కూడా ప్రమాణం చేస్తాను. వక్కపొడి నములుతూ ఊపానని ఆయన తర్వాత అన్నాడు.

దుకాణంలో ఉన్నాయన ఇచ్చిన సెల్లుల చుట్టూ తెల్లగా ఉప్పు పేరుకొని ఉంది.

"ఇవి కారినయి" అన్నాను.

"కారలే సార్. బోనిగాక ముందే బేరమా?"

"బేరం కాదు. లోపలి మందు బయటికి వస్తే డబ్బా తుప్పుపడుతుంది. ఇది రసాయన శాస్త్రం."

"గది నాకెర్కలేదు. ఎలిగితే తీస్కో."

ఒకటి వేస్తే వెలగలేదు. తిప్పి వేస్తే వెలగలేదు. ఇంకొక జత తీయించాను. ఆయన విసుక్కుంటూ పైనున్న అట్టపెట్టెలు దించాడు. కొత్త సెల్లులు వేస్తే లైటు భగ్గుమని వెలిగింది. ఆ లైటు వెలుతురులోనే నేను వెనక్కి తిరిగాను. చౌరస్తా ఖాళీగా ఉంది.

షిఫ్టు బస్సు డ్రైవర్ల అలవాటు ఒకటుంది. పాయింటులో రెండుసార్లు హారను కొడతారు, బండి కదిలిస్తారు. ఆలస్యమైన మనిషికోసం ఆగితే ముందు పాయింటులో మనుషులు ఆగిపోతారు కాబట్టి, ఆగరు. ఆ రెండు హారన్లు నేను విన్నాను కూడా. రసాయన శాస్త్రం చెబుతున్నప్పుడు విన్నాను. నన్ను కాదనుకున్నాను. బస్సు అడిగి తెచ్చిన మనిషికి కూడా హారను కొడతారని ఎవరనుకుంటారు?

సదాశివపేట వైపు పోయే షేర్ ఆటో ఒకటి ఉంటే ఎక్కి కూర్చున్నాను.

"జల్దీ పోనియ్యి తమ్మీ. ముంగట పోతున్న కంపెనీ బస్సును అందుకోవాలె."

"పోత అన్నా. నిండనియ్యి."

"నేను ఒక్కణ్ణే. మొత్తం బండి కిరాయి ఇస్త."

"నువ్వు ఒక్కనివి మొత్తమెట్లయితవు? రోజు వచ్చేటోళ్ళున్నరు. ఇయ్యాల నీకోసం పోతే రేపటెల్లి ఆళ్ళు నా బండెక్కరు."

పాలడబ్బాల మనిషి వచ్చాడు. ఆయన పాలడబ్బాలు వచ్చాయి. ఒక ముసలవ్వ వచ్చి, దిగి, సంచి మరిచిపోయిందని పోయి, మళ్ళీ వచ్చింది. నేను చేతిలో లైటు పట్టుకొని పాలడబ్బాల మధ్య కూర్చున్నాను. పొద్దెక్కింది కాబట్టి లైటు ఆర్పేశాను.

సదాశివపేటలో మా బస్సు జాడ లేదు. అక్కడ జహీరాబాద్ పోయే ఆర్టీసీ బస్సు కోసం నిలబడ్డాను. వచ్చిన బస్సులో నిలబడే చోటు కూడా లేదు. తర్వాతి దాంట్లో తలుపు పట్టుకొని వేలాడాను. జహీరాబాద్‌లో బీదర్ బస్సు కోసం ఎదురుచూసి చూసి, అది వచ్చాక ఎక్కి, ఈసారి కిటికీలోంచి దస్తీ వేద్దామని జేబులో చెయ్యి పెట్టాను. దస్తీ లేదు. అది అప్పటికే బీదర్‌లో ఉంది. సీటు దొరకలేదు.

ఊరు దాటి కొంచెం దూరం పోగానే ఎదురుగా మా బస్సు వస్తూ కనబడింది. నేను పక్కవాళ్ళ మీదుగా వంగి కిటికీలోంచి తల, రెండు చేతులు బయటపెట్టి ఆపమని ఊపాను. మా బస్సు కిటికీలన్నిటిలోంచి చేతులు బయటికొచ్చాయి. పిల్లలు, ఆడవాళ్ళు, ఫిట్టర్, అందరూ నవ్వుతూ నాకు చేతులూపారు. రెండు బస్సులూ ఒకదాన్నొకటి దాటిపోయాయి.

"గా బస్సు నాది. జెర ఆపుండ్రి" అన్నాను కండక్టరుతో.

"నీదైతే గిండ్లెందుకు ఎక్కినవన్నా?" అన్నాడు ఆయన. బస్సంతా నవ్వింది.

ముందు ఊళ్ళో దిగి, తిరుగు బస్సులు పట్టుకొని ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టారు. మా ఇంటామె స్నానం చేసి, తీరుబడిగా గుమ్మంలో కూర్చొని ఉంది. ఆమె ముఖం అట్లా ఉండగా నేను అంతకు ముందు చూడలేదు. పండుగకు కొత్తగా సున్నం వేసిన గోడలాగా ఉంది.

"వచ్చినవా? అన్నం పెడ్త రా" అన్నది.

ఆ రాత్రీ, తర్వాతి వారమంతా ఇంటింటికీ పోయి ఏం జరిగిందో రాబట్టాను. బస్సు కదిలేముందు డ్రైవరు వెనక్కి తిరిగి చూశాడట. దస్తీ ఉంది. "కాకా ఉన్నట్టే" అనుకొని గేరు వేశాడట. నేను వెనక ఆడవాళ్ళకు చరిత్ర చెబుతున్నానని ముందున్న మగవాళ్ళు అనుకున్నారు. ముందున్న మగవాళ్ళకు చెబుతున్నానని వెనకున్న ఆడవాళ్ళు అనుకున్నారు. దారిలో ఫిట్టర్ అత్తగారికి కడుపులో తిప్పితే, ముందు సీటులో కూర్చుంటే బాగుంటుందని ఆమెను తీసుకొచ్చారు. నా సీటు దగ్గరికి రాగానే అందరూ ఒక్కమాటగా, అది ఆయన సీటు, దస్తీ ఉంది అని ఆ ముసలామెను ఇంజను మూత మీద కూర్చోబెట్టారు. అంత వేడిలో ఆమె బీదర్ దాకా ఉడికింది కానీ, నా సీటులో పోతూ వస్తూ ఒక్క ఈగను వాలనివ్వలేదట. ఇది నాకు గర్వంగా చెప్పారు.

కోట దగ్గర తాళంచెవుల ముసలాయన నాకోసం వెతికాడట. "గా లైటు సాబ్ యాడున్నడు?" అంటే, వెనకాల వస్తున్నాడని అందరూ చెప్పారు. ఆయన తలుపు తీశాడు. లోపల చీకటి. అప్పుడు మా ఇంటామె టిఫిన్ డబ్బా మూత తీసి, చెంగుతో తుడిచి, గుమ్మంలో పడుతున్న ఎండకు ఎదురుగా పట్టుకున్నదట. ఎండ మూత మీద పడి, లోపలి గోడమీదికి ఎగిరింది. ముత్యపుచిప్పలు ఆ చివరినుంచి ఈ చివరిదాకా మెరిశాయి. ఆడవాళ్ళంతా తమ తమ డబ్బాల మూతలు తీశారట. ఆ ముసలాయన, ఇన్నేండ్లలో ఎవరూ ఇట్లా చూడలేదని అన్నాడట.

ఇదంతా విని ఓర్చుకున్నాను. కానీ మహల్ లోపల అందరికీ వివరణ ఇచ్చింది ఫిట్టర్ అని తెలిసి ఓర్చుకోలేకపోయాను.

"మీరు ఏం చెప్పారు?" అని అడిగాను.

"ఏదో తోచింది చెప్పానండీ. ఆ చిప్పలు మా సముద్రం సరుకేనండీ, చూడగానే గుర్తుపట్టాను. మావాళ్ళే ఎవరో పడవలో తెచ్చి ఇచ్చుంటారు అన్నాను."

"బీదర్‌కు పడవలో?"

"కొంతదూరం బండి మీద వేసుకుని ఉంటారండీ."

మా షిఫ్టులో ఇప్పటికీ సగంమంది ఆ సంగతే నిజమనుకుంటున్నారు. నేను చదివిన చరిత్ర ఒక్క ముక్క ఎవరికీ చేరలేదు.

నేను అడిగింది ఒకటే ప్రశ్న. మనిషి లేని సంగతి తెలుసుకోకుండా ఎట్లా పోయారు? డ్రైవరును అడిగితే, "రూలు నీదే గద కాకా" అన్నాడు. కూర్చునే రూలు వేరు, బయల్దేరే రూలు వేరు అని నేను చెబుతుండగానే రెండుసార్లు హారను కొట్టి పోయాడు. ఫిట్టరును అడిగితే, "మీరు ఎదురు బస్సులోంచి చెయ్యి ఊపారు కదండీ, ముందే చూసేసి మళ్ళీ ఇంకోసారి చూడటానికి పోతున్నారనుకున్నాం" అన్నాడు. మేనేజరును అడిగితే, "బస్సు బొల్లారానికి టైముకు వచ్చింది" అన్నాడు. ఇవి జవాబులు కావు. జవాబు వచ్చేదాకా రంగీన్ మహల్ గడప తొక్కనని అందరి ముందూ చెప్పాను. ఆ తర్వాత పెండ్లిండ్లకు బీదర్ పోయాను. కోట ముందునుంచి పోయాను. తల అటు తిప్పలేదు. పిల్లలు పెద్దవాళ్ళై కారు కొనుక్కొని, రా నాయనా చూపిస్తాం అన్నారు. పోలేదు. కంపెనీ మూతపడింది. పారిశ్రామికవాడ చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచాయి. నేను మాత్రం అడుగుతూనే ఉన్నాను.

ఒక్క మనిషినే ఆ ప్రశ్న ఎప్పుడూ అడగలేదు. ఆమె చివరి వరుసలో కూర్చుంది కాబట్టి ఆమెకు తెలిసే వీలు లేదని నా లెక్క.

మొన్న వానాకాలం, ఫిట్టర్ మా ఇంటికి వచ్చాడు. ఇప్పుడు ఆయన కిష్టారెడ్డిపేటలో ఉంటున్నాడు. మోకాళ్ళు నొప్పులని మెల్లగా నడుస్తాడు. చాయ తాగుతుంటే మాట మాట కలిసి మళ్ళీ బీదర్ వచ్చింది. నేను మళ్ళీ మొదలుపెట్టాను. ఇంతమందిలో ఒక్కరికి, ఒక్కరికైనా, ఆ సీటు ఖాళీగా ఉందని కనబడలేదా అన్నాను. మా ఇంటామె చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. తల ఎత్తలేదు.

"కనవడ్డది" అన్నది.

"ఎవరికి?"

"నాకే. సదాశివపేట దాటినంక."

ఫిట్టర్ కప్పు కింద పెట్టి, మోకాళ్ళ నొప్పి మరిచి, లేచి నిలబడ్డాడు. "నేను వస్తానండీ" అన్నాడు. కూర్చోమన్నాను. సాక్షి ఉండాలి.

"తెలిసి కూడా బస్సు ఆపమని ఎందుకు చెప్పలేదు?" అని అడిగాను. ఇన్నేండ్ల ప్రశ్న, అడగవలసిన మనిషినే అడిగాను.

ఆమె చేతిలో కాయ ఈనె తీసి, గిన్నెలో వేసి, ఇంకొకటి తీసుకొని, ఈ జవాబు చెప్పింది:

"చెప్తే బస్సు ఎనుకకు మలుపుతుండిరి. మలిపితే గాయన తాళమేసుకొని పోతుండె. నువ్వు యాడికి పోతవు, పొద్దుగూకితే ఇంటికే వస్తవు. మహల్ వస్తదా?"